కిరాయింటి ఒడిబియ్యం

వానాకాలం వడ్లు కాంటా అయ్యేదాకా మేము ఎక్కడికీ కదలలేదు. కొనుగోలు కేంద్రం దగ్గర మా కుప్ప ఎత్తిన సాయంత్రమే నా కొడుకు పండరి ఇంటి ముందు కారు కడగడం మొదలుపెట్టాడు.

"అమ్మా, ఎల్లుండి పొద్దుగాల బయలెల్లుదాం. చెల్లెకు మాత్రం చెప్పకు. ఒక్కసారిగ పోయి వాకిట్ల నిలవడుదాం," అన్నాడు.

చెల్లె అంటే నా బిడ్డ నీల. హైదరాబాదులో ఒక హోటల్లో పనిచేసేటప్పుడు అక్కడ వంట చేసే సూరజ్‌ను ఇష్టపడింది. సూరజ్‌ది నేపాల్. పిల్లవాడు మంచివాడే, మేమే దగ్గరుండి బాన్సువాడలో పెళ్ళి చేశాం. తరువాత వాళ్ళు అతని ఊరికే వెళ్ళిపోయారు. ఆ కొండ ఊళ్ళో ఇంటింటా ఊరు చూడడానికి వచ్చే పట్నం వాళ్ళకు ఒక గది కిరాయికిచ్చి, తాము తినేదే పెడతారు. దాన్ని హోమ్‌స్టే అంటారట. నీల ఇల్లు కూడా అందులో ఒకటి.

ఇది నీలకు ఒడిబియ్యం పోయాల్సిన ఏడు. మా వైపు పెళ్ళయిన ఆడపిల్లను మూడో ఏటనో ఐదో ఏటనో పుట్టింటికి పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒడి నిండా పోస్తాం. ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికె గుడ్డ, గాజులు పెడతాం. ఆ బియ్యం ఆమె అత్తగారింటికి మోసుకుపోయి, వండి నలుగురికీ పెడుతుంది. మూడో ఏట మా ఇంటాయన రాందాస్ పోయాడు. ఆ ఏడు ఏ శుభమూ చేయలేదు. ఇప్పుడు ఐదో ఏడు. నీల రావాలనే అనుకుంది. ఇంతలో వాళ్ళ అత్త పశువుల కొట్టంలో జారిపడి తుంటి విరిగి మంచం పట్టింది. బర్రెలను, మంచంలోని మనిషిని వదిలి రాలేనని ఫోన్లో ఏడ్చింది.

"అది రాకపోతే మనమే పోదాం. కారున్నది, తొవ్వ ఉన్నది," అన్నాడు పండరి.

మా ఇంటాయన అక్క భూమవ్వకు ఈ సంగతి తెలిసి డోంగ్లి నుంచి మొదటి బస్సుకే దిగింది. మా ఇళ్ళలో ఏ శుభకార్యమైనా ఆమె చెప్పిన పద్ధతిలోనే నడుస్తుంది.

"ఒడిబియ్యమంటే ఆటనా? నేను లేకుంట ఎట్ల పోస్తరు? గీ క్యాంపు పిల్లకు ఏం తెలుసు?" అంది.

క్యాంపు పిల్ల అంటే నా కోడలు సిరీష. వాళ్ళ తాతలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కుని ఇక్కడే ఉండిపోయారు; అట్లాంటి వాళ్ళ వాడలను మా వైపు క్యాంపులంటారు. పండరిది, సిరీషది కూడా ప్రేమ పెళ్ళే.

"మా వైపు చలిమిడి పెడతామండీ, ఒడిలో బియ్యం పోయడం ఇక్కడే చూశాను," అంది సిరీష.

"చలిమిడి తింటె అయిపోతది. బియ్యం మోస్తె యాది ఉంటది," అంది భూమవ్వ వదినె.

కాంటాకు పోకముందే మా మడి వడ్లు కొన్ని పక్కకు తీసి పట్టించి ఉంచాను. ఆ బియ్యం తెల్లటి గుడ్డ సంచిలో పోసి మూతి కుట్టాను. సామానంతా కారు పైన కట్టించినా ఆ సంచి మాత్రం నా కాళ్ళ దగ్గరే పెట్టుకున్నాను.

నాకొక కోరిక ఉండింది. మా వైపు మొగుడు పోయిన ఆడది ఒడిబియ్యం పోయదు. కొడుకూ కోడలూ పోస్తారు, ముత్తైదువులు పోస్తారు. కన్నతల్లి వంటింటి గడప దగ్గర నిలబడి చూస్తుంది. నిరుడు పిట్లంలో చుట్టాలింట్లో అట్లాగే నిలబడ్డాను. అప్పుడు ఏమీ అనిపించలేదు, వాళ్ళ పిల్ల కదా. ఈసారి నా పిల్ల. పెళ్ళినాడు ఆయనా నేనూ కలిసి పోశాము. ఇప్పుడు నా ఒక్కదాని చేతులతో ఒక్క దోసెడు దాని ఒడిలో పోయాలని ఉండింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే వదినె కాదంటుంది, ఆమె కాదన్నాక ఆ ముచ్చట అక్కడితో అయిపోతుంది. చెప్పకుండా ఉంటే దారి పొడుగునా అయినా నాతో ఉంటుంది.

నిజామాబాద్ మీదుగా పెద్ద రోడ్డెక్కి, ఆదిలాబాద్ దాటి, పెన్‌గంగ వంతెన దాటాం. ఆ తరువాత బోర్డుల మీద తెలుగు కనిపించలేదు. వదినె ముందు సీట్లో కూర్చుంది. వెనుక కూర్చుంటే కక్కుతానంది. చేతిలో నిమ్మకాయ, ఒడిలో ఉప్పు పొట్లం.

డోంగ్లి మహారాష్ట్ర సరిహద్దులోని ఊరు కాబట్టి నాగపూర్‌లో ఆమె మరాఠీ బాగా పనిచేసింది. జొన్నరొట్టె దొరికించింది, గది కిరాయి తగ్గించింది. దాంతో ధైర్యం వచ్చి జబల్‌పూర్‌లోనూ మరాఠీయే, ప్రయాగ దాటాక కూడా మరాఠీయే మాట్లాడింది.

"అత్తా, ఇక్కడ హిందీ," అన్నాడు పండరి.

"వాళ్ళకు అర్థమైతలేదా? నీళ్ళడిగిన, ఇచ్చిండు గదా!"

"చెంబు చూపిస్తే ఎవలన్న ఇస్తరత్తా."

నా హిందీ మా పక్కింటి కుల్సుమ్ దగ్గర నేర్చుకున్నది. అవునంటే 'హౌ', వద్దంటే 'నక్కో' అంటుంటే ఆ వైపు వాళ్ళు నవ్వుతున్నారు కానీ పని మాత్రం అవుతున్నది.

పూటపూటకూ రొట్టెలు తినలేక చెట్ల కింద కారు ఆపి చిన్న గ్యాసు పొయ్యి మీద అన్నం వండుకున్నాం. గోరఖ్‌పూర్ చేరకముందే వంట బియ్యం అయిపోయింది. సిరీష ఊరికే నా కాళ్ళ దగ్గరి సంచి వైపు చూసింది.

"ఆ సంచి ముట్టుకున్నవంటే చెయ్యి ఇరుగుతది బిడ్డా," అంది వదినె.

"చూశానంతే అత్తా. చూస్తే కూడా విరుగుతుందా?"

"కన్ను పోతది."

సరిహద్దు దగ్గర కారు కాగితాలు చేయించుకోవడానికి పండరి లైన్లో నిలబడ్డాడు. కారు చూసే మనిషి సంచి తీసి, ఇదేమిటని అడిగాడు. బిడ్డకు పుట్టింటి బియ్యం అని నాకొచ్చిన హిందీలో చెప్పాను. అతడు సంచిని చేతిలో తూచినట్టు పట్టుకుని, తీసుకున్న చోటే మెల్లగా పెట్టాడు. మా అక్క కూడా దూరంలోనే ఉంది అన్నాడు.

బుట్వల్ దాటాక కొండలు మొదలయ్యాయి. ఒక పక్క రాయి, ఒక పక్క లోయ. పండరి మాట్లాడడం మానేసి స్టీరింగ్‌ను రెండు చేతులతో పట్టుకున్నాడు. ఒక మలుపు దగ్గర రేకుల హోటల్ కనిపిస్తే చాయ్‌కి ఆగాం. దూరంగా మొదటిసారి తెల్లటి కొండ కనిపించింది. మబ్బు అనుకున్నాను. కదలకపోతే కొండ అని తెలిసింది.

అక్కడే సిరీష ఒక మాట అడిగింది. చాయ్ ఊదుకుంటూ, మామూలుగానే.

"అత్తా, ఒడిబియ్యం పోశాక నీల ఆ మూట తీసుకుని ఎక్కడికి వెళ్ళాలి?"

"ఎక్కడికేంది, అత్తగారింటికి."

"మరి మనం పోసేదే వాళ్ళ అత్తగారింట్లో కదా?"

వదినె చేతిలో చాయ్ గ్లాసు ఆగిపోయింది. పండరి నా వైపు చూశాడు. నేను సంచి వైపు చూశాను.

కుడుకలు తెచ్చాం. పసుపు తెచ్చాం. గాజులు కొలత చూసి తెచ్చాం. పీట కూడా కారు పైన కట్టుకొచ్చాం. ఒడిబియ్యం పుట్టింట్లోనే పోయాలన్నది మాత్రం ఒక్కరికీ తోచలేదు. ఎప్పుడూ ఇంట్లోనే పోశాం కాబట్టి అదొక నియమమని కూడా అనుకోలేదు.

"అత్తగారింట్ల కూసోవెట్టి పోస్తే అది ఒడిబియ్యం గాదు, రేషన్ బియ్యం," అంది వదినె చివరికి.

"ఇప్పుడేం జెయ్యాలె?" అన్నాడు పండరి.

"నన్నడుగుతవా? కారు నడుపుతున్నది నువ్వు."

"అయితే కార్లనే కూసోవెట్టి బియ్యం పోద్దాం. కారు నా పేరు మీదనే ఉన్నది. బాన్సువాడ బండి. మన ఇల్లే అనుకో."

"కారుకు గడప ఉంటదారా? ఆడపిల్ల గడప దాటి పోవాలె. డోరు దీసి దుంకుతదా?"

సిరీష నవ్వు ఆపుకోలేక ముఖం తిప్పుకుంది. నాకు నవ్వు రాలేదు. ఇంత దూరం తెచ్చిన సంచి మళ్ళీ నా కాళ్ళ దగ్గరే వెనక్కి పోతుందేమో. అంతకంటే ఎక్కువగా ఇంకొకటి బాధపెట్టింది. ఒక నియమం తప్పాల్సి వస్తే పెద్దవాళ్ళు రెండోదాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటారు. ఎట్లాగో సందు దొరికి నీలకు బియ్యం పోసినా, వదినె ఇగ నన్ను గడప దగ్గరి నుంచి కదలనివ్వదు.

ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. కారు వెళ్ళే దారి ఊరి కింద అయిపోయింది. అక్కడి నుంచి రాతి మెట్లు. మెట్లకు రెండు పక్కలా రాగి చేలు, పలకరాళ్ళు కప్పిన ఇళ్ళు. మెట్ల మొదట్లో ఊరి కమిటీ వాళ్ళు బంతిపూల దండలు పట్టుకుని నిలబడ్డారు. ఒక చిన్న ముసలామె పళ్ళెంలో పెరుగు కలిపిన బియ్యం పట్టుకుని అందరికీ నుదుట పెడుతోంది. నా దగ్గరికి రాగానే అలవాటు కొద్దీ వెనక్కి జరిగాను. అది తెల్లగానే ఉంది, కుంకుమ లేదు. ఆమె నా గడ్డం పట్టుకుని పెట్టేసింది. చల్లగా తగిలింది.

అప్పుడు బయటపడింది పండరి చేసిన ఘనకార్యం. చెల్లెకు తెలియకుండా ఉండాలని ఊరి కమిటీకి ఫోన్ చేసి, ఇండియా నుంచి నలుగురం వస్తున్నామని రెండు గదులు చెప్పాడు. ఆ ఊళ్ళో వచ్చినవాళ్ళను వరస ప్రకారం ఇళ్ళకు పంచుతారు. మా వరసకు వచ్చిన ఇల్లు ఆ చిన్న ముసలామెది. అన్నిటికంటే పైన ఉంటుంది.

"కాదు కాదు, మేం నీల ఇంటికి పోవాలె," అన్నాడు పండరి హిందీలో.

కమిటీ పెద్దమనిషి మర్యాదగానే చెప్పాడు. నీల ఇంటి వరస మొన్ననే అయిపోయింది, మళ్ళీ రావడానికి చాలా రోజులు పడుతుంది.

ఇంతలో ఎవరు చెప్పారో, నీల మెట్లు రెండేసి దూకుతూ వచ్చింది. గడ్డి మోపు కట్టే తాడు ఇంకా నడుముకే ఉంది. నన్ను చూసి ఆగింది. వాళ్ళన్నను చూసింది. ముందు వాళ్ళన్న వీపు మీద రెండు వేసి, తరువాత నా మెడ చుట్టుకుంది.

"ఒక్క మాట జెప్పొద్దా అమ్మా! ఇంట్ల కూరగాయ గుడ లేదు!"

"మీ అన్న చెప్పనిచ్చిండా?"

"సరే రా, ఇంటికి పోదాం."

కమిటీ పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. నీల అతనితో వాళ్ళ భాషలో జగడం పెట్టుకుంది. చేతులు తిప్పుతూ, వేలు చూపిస్తూ, అచ్చం బాన్సువాడ సంతలో మాట్లాడినట్టే. పేరు తప్ప నాకేమీ అర్థం కాలేదు. ఆ పేరు సూరజ్‌ది. అప్పుడే వెనక నుంచి వచ్చిన సూరజ్ తల దించుకుని నిలబడ్డాడు.

"ఏమైందే?" అన్నాను.

"ఏమైతది! రోడ్డు పక్కోళ్ళే గెస్టులను గుంజుకుంటుండ్రు, పైనున్నోళ్ళకు ఎవ్వరు వస్తలేరని పోయిన ఏడు మీటింగ్‌ల గీ రూల్ వెట్టిన్రు. వెట్టింది ఎవరో తెలుసా? నీ అల్లుడు. చుట్టాలైనా సరే, గది చెప్పుకుని వస్తె వరసనే అని రాయించిండు."

"అల్లుడు మంచి పనే చేసిండు," అంది భూమవ్వ వదినె.

అందరం ఆమె వైపు తిరిగాం. ఆమె మెట్టు మీద కూలబడి కాళ్ళు ఒత్తుకుంటోంది.

"అంటే మనం నీల ఇంట్ల ఉంటలేమా?"

"లేదత్తా. అదే గదా లొల్లి," అన్నాడు పండరి.

"వేరే ఇంట్ల ఉంటున్నం. కిరాయి కడుతున్నం."

"అవు."

"కిరాయింట్ల ఉన్నోళ్ళు ఆడబిడ్డలకు ఒడిబియ్యం పోస్తలేరా? మా ఆయన తమ్ముడు నిజామాబాద్‌ల ఏండ్ల సంది కిరాయింట్లనే ఉంటుండు. ఆయన బిడ్డకు అక్కడనే పోసిన్రు. నేనే పోసిన. ఎవలింట్ల పొయ్యి ముట్టించి వండుకుంటమో అదే ఇల్లు. ఆ ముసలామె ఇల్లు ఇప్పుడు శాంత ఇల్లు. నీల పుట్టిల్లు," అని వదినె నన్ను చూపించింది.

నీల ముందు అర్థం కాక నిలబడి, అర్థమయ్యాక నా చేతిలోని సంచి చూసింది. సంచి మీద చేయి వేసి, గుడ్డ మీది నుంచే బియ్యం తడిమింది.

"మన మడివేనా?"

"మన మడివే."

నీల సంచి భుజాన వేసుకుని పై ఇంటి వైపు మెట్లు ఎక్కసాగింది.

ముసలామెను ఊళ్ళో అందరూ ఆమా అంటారు. వాళ్ళ భాషలో అమ్మ అని. మమ్మల్ని కూర్చోబెట్టి పొయ్యి ముట్టించింది. పండరి, సిరీష సామాను కోసం కిందికి వెళ్ళారు. వదినె కొండ ఎక్కిన అలసటకు గదిలో నడుం వాల్చింది. నేను పొయ్యి దగ్గర కూర్చుని ఆమాకు ముల్లంగి తరిగి ఇచ్చాను. ఆమె పెనిమిటి ఇండియా ఫౌజులో ఉండేవాడు. ఆయనతో నాలుగు ఊళ్ళు తిరిగి హిందీ నేర్చుకుంది. గోడ మీద యూనిఫారం వేసుకున్న ఫోటో ఉంది, దండ లేదు.

"ఎక్కడున్నాడు?" అన్నాను.

"పోయాడు. చాలా ఏళ్ళయింది," అంది ఆమా. నా ఖాళీ నుదురు చూసి, "నీకూనా?" అంది.

"హౌ," అన్నాను.

ఆమె తలూపి ముల్లంగి పళ్ళెం నా దగ్గర నుంచి తీసుకుంది. ముల్లంగి కూరలో ఉప్పు ఎంత వేయాలో మాట్లాడుకున్నాం.

తెల్లారి వదినె లేస్తూనే పనిలో దిగింది. గడపకు పసుపు రాయించింది. ఆమా ఎర్రమట్టితో ముందే అలికి పెట్టింది. సిరీష బియ్యంలో పసుపు కలిపింది. సూరజ్ చిన్నమ్మను, పక్కింటి కోడలిని పిలిపించారు.

"నేను, సిరీష, వీళ్ళిద్దరు, నలుగురం. ఇంకొక ముత్తైదువ కావాలె," అని వదినె చుట్టూ చూసింది. ఆమా మెడలో పగడాల దండ ఉంది. ఇంత లావు పూసలు, నడుమ బంగారు బిళ్ళ. వదినె ముఖం విప్పారింది. "ఈ ఇంటామెనే ఉన్నది గదా! పుస్తెలు గింత పెద్దగ ఏసుకున్నది. ఇల్లు ఆమెది, మొదలు ఆమెనే పోయాలె."

ఆ ఊళ్ళో ఆ పూసలు పెళ్ళికి గుర్తు కాదు. ఆడవాళ్ళు పండుగకు, చుట్టాలొచ్చినప్పుడు వేసుకుంటారు. ఆ మాట నిన్న ముల్లంగి తరుగుతూ నేనే అడిగి తెలుసుకున్నాను. ఇప్పుడు చెప్పాలి. నోటిదాకా వచ్చింది. వదినె ఆమా చేయి పట్టుకుని పీట దగ్గరికి తీసుకుపోతోంది. ఆమా సంతోషంగా నడుస్తోంది. నేను నోరు మూసుకున్నాను.

నీల కింది నుంచి వచ్చింది. మేము తెచ్చిన చీర కట్టుకుంది. తలంటుకున్న జుట్టు ఇంకా తడిగా ఉంది. గడప దగ్గర ఆగి, వంగి కళ్ళకద్దుకుని, కుడికాలు లోపల పెట్టింది. పీట మీద కూర్చుని కొంగు పరిచింది. పండరి పక్కన నిలబడ్డాడు. నేను వంట వైపు ద్వారం దగ్గర నిలబడ్డాను. ఎవరూ అక్కడ నిలబడమని చెప్పలేదు. కాళ్ళే అక్కడికి పోయాయి.

ఆమా దోసిలితో బియ్యం తీసి ఒడిలో పోసింది. ఒకసారి కాదు, ఐదుసార్లు. పోసి నీల తల మీద రెండు చేతులూ పెట్టి, కళ్ళు మూసుకుని, వాళ్ళ భాషలో దీవెన మొదలుపెట్టింది. ఆ దీవెన పొడుగ్గా సాగింది. నీల తల వంచి వింటోంది, దాని కళ్ళు తడిశాయి.

ఇగ చెప్పకుండా చూస్తూ నిలబడడం నా వల్ల కాలేదు.

"వదినె," అన్నాను. "ఆమె పెనిమిటి లేడు. పోయి శానేండ్లాయె."

వదినె గిర్రున తిరిగింది. "ఎవలు జెప్పిన్రు?"

"ఆమెనే జెప్పింది. నిన్న."

"మరి మొదలే ఎందుకు చెప్పలే?"

"నువ్వు అడగలే."

సిరీష పసుపు బియ్యం గిన్నెను దగ్గరికి పట్టుకుంది. పండరి, ఎక్కడ చూడాలో తెలియక, పైకప్పు చూశాడు. ఆమాకు మా మాటలు తెలియవు. దీవెన ఇంకా నడుస్తూనే ఉంది.

"ఆ మెడల పూసలేందే మరి?"

"పండుగకు వేసుకుంటరట."

నీల తల ఎత్తకుండానే, గొంతు మాత్రం గట్టిగా పెట్టి అడిగింది. "అత్తా, అయితే గీ బియ్యం పారబోద్దామా? మళ్ళ మొదటి సంది పోస్తవా?"

"థూ! ఏం మాటలే అవి? ఒడిల వడ్డ బియ్యం పారబోస్తరా?"

"మరి ఆమా పోసినయి ఏరి తియ్యాలె."

"బియ్యంల బియ్యం ఏర వస్తదా?"

"రాదు గదా. అయితే నా ఒడి ఇప్పుడు ఖరాబు అయిందా, మంచిగున్నదా? గది చెప్పు."

దానికి నా కోరిక తెలుసని నాకు అప్పుడు అర్థమైంది. నేను చెప్పలేదు. అడగకుండానే తెలుసుకుంది.

వదినె ఆమా వైపు తిరిగింది. ఆమా దీవెన అయ్యేదాకా అట్లాగే నిలబడి చూసింది. ఆమా చివరికి కళ్ళు తెరిచి, కొంగుతో నీల కళ్ళు తుడిచి, నవ్వుతూ పక్కకు జరిగింది. వదినె ముఖంలో కోపం కోసం వెతికాను. అలసట ఉంది. కొంచెం సిగ్గు కూడా ఉంది. ఆమెకూ ఆడపిల్లలున్నారు, ముగ్గురు. డోంగ్లిలో ఆమె పెనిమిటి దవాఖాన చుట్టూ తిరుగుతున్న సంగతి నాకు తెలుసు. రేపు ఏ ద్వారం దగ్గర ఎవరు నిలబడాల్సి వస్తుందో ఆమెకూ తెలుసు.

"మా అమ్మ చెప్పింది నేను మీకు చెప్పిన," అంది మెల్లగా. "ఎందుకని మా అమ్మను నేను అడగలే."

తరువాత గొంతు మార్చి, ఎప్పటి లాగే గదమాయించింది.

"శాంతా! గా మూలకు నిలవడి ఏం జూస్తున్నవ్? పిల్ల గంత బరువు ఒడిల వెట్టుకుని ఎంతసేపు కూసుంటది? నువ్వు పోస్తేనే గదా మేం పోసేది. రా."

నేను కదల్లేదు. సిరీష వచ్చి నా మోచేయి పట్టుకుంది. "రండి అత్తయ్యా," అంది. గిన్నె నా ముందుకు చాచింది.

రెండు చేతులూ బియ్యంలో పెట్టాను. పసుపు గోళ్ళలోకి పోయింది. దోసిలి నింపి నీల ఒడి మీదికి తెచ్చాను. కొన్ని గింజలు వేళ్ళ సందుల్లోంచి ముందే జారిపోయాయి. తక్కినవి పోశాను. పోస్తుంటే నీల తలెత్తి నా ముఖమే చూసింది. మళ్ళీ నింపాను, మళ్ళీ పోశాను. ఎన్నిసార్లు పోశానో లెక్క పెట్టలేదు. "ఇగ చాలు, మాకు గుడ ఉంచు!" అని వదినె అన్నాక ఆగాను.

ఆ తరువాత పండరి, సిరీష పోశారు. వదినె పోసింది. సూరజ్ చిన్నమ్మ, పక్కింటి కోడలు మమ్మల్ని చూసి అట్లాగే పోశారు. కుడుకలు, ఖర్జూరాలు పెట్టాం. సిరీష గాజులు తొడిగింది. మా వైపు ఆడపిల్ల పోయేటప్పుడు ఆ ఒడిలోంచి కొన్ని బియ్యం పుట్టింటికి వదిలి పోవాలి, ఇల్లు వట్టిగా ఉండకూడదని. నీల లేచి, కొంగు మూట ఒక చేత్తో పట్టుకుని, ఎక్కడ వదలాలా అని చూసింది. ఆమా బియ్యపు కుండ మూత తీసింది. పచ్చటి బియ్యం పిడికెడు పిడికెడు అందులో పడ్డాయి. ఆమా తొంగి చూసి ఈ రంగేమిటని అడిగింది. పసుపని చెప్పాను. బాగుంది అంది.

"ఇగ నడువు," అంది వదినె నీలతో. "గడప దాటినంక ఎనుకకు చూడకు."

నీల గడప దాటింది. మెట్లు మొదలయ్యే చోట ఆగి, వెనక్కి తిరిగి, వదినెకు వినపడేలా నవ్వింది.

"చూడొద్దన్న గదనే!"

"చూస్తెనే గదా తొవ్వ గుర్తుంటది అత్తా!"

ఎండ తెల్ల కొండ మీద పడి మెరుస్తోంది. కింద నీల ఇంటి ముందు వాళ్ళ అత్త మంచాన్ని సూరజ్ వాకిట్లోకి తెచ్చి వేశాడు. ఆమె తల కొంచెం ఎత్తి పైకి చూస్తోంది. నీల రెండు చేతులతో ఒడి పట్టుకుని, బరువుకు కొంచెం వెనక్కి వంగి, ఒక్కొక్క మెట్టు దిగుతోంది. నేను గడప దగ్గర నిలబడ్డాను. ఈ గడపకు ఇవతల నిలబడింది నేనే, పంపింది నేనే.

"మెట్లు జూసి దిగు బిడ్డా!" అని కేకేశాను.

"మధ్యాహ్నం అన్నానికి అందరు రాండ్రి!" అని కింది నుంచి నీల అరిచింది. "కమిటాయనను గుడ తోలుకరాండ్రి. తినెతందుకు వరస లేదని చెప్పుండ్రి!"